పేరును చూసి కాదు, క్లాసును చూసి చేరుదాం

(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఎక్కడికి పోయినా మమ్ముల ఒకటే అడుగుతున్నరు. ‘కరాటే మంచిదా, తైక్వాండో మంచిదా, బాక్సింగ్ మంచిదా? ఏది నేర్చుకోవాలె?’ అని. హాస్టల్ పిల్లలు అడుగుతున్నరు. డ్యూటీ దిగి రాత్రి పదింటికి బస్టాండులో నిలబడే అక్కలు అడుగుతున్నరు. బిడ్డను దేంట్లో వెయ్యాలె అని తల్లిదండ్రులు అడుగుతున్నరు. మేం చెప్పేది ఒక్కటే. ముందు ‘నాకు ఎందుకు?’ అని అడగాలె. తర్వాత ‘మా దగ్గర సక్కగ నేర్పేది ఎవరు?’ అని అడగాలె. విద్య పేరు మూడో మాట.

సినిమా చూసి ఒకటి, ఫోన్‌లో వీడియో చూసి ఇంకొకటి అని ఉరికితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. మూడు నెలలకు మానేస్తం. ఫీజు పాయె, డ్రెస్సు మూలకు పడె.

ఎందుకు నేర్చుకుంటున్నం?

ఒంటికి కసరత్తు కావాలెనా? పోటీలకు పోవాలెనా? ఆపదలో తప్పించుకోవాలెనా? మూడింటికి మూడు దార్లు.

పోటీల సంగతి ముందు చూద్దాం. జూడో 1964లో టోక్యోలో ఒలింపిక్స్‌కు ఎక్కింది. తైక్వాండో 2000లో సిడ్నీలో పతకాల ఆట అయింది. ఆడవాళ్ల బాక్సింగ్ 2012లో లండన్‌లో వచ్చింది. గల్లీ గల్లీకి కనబడే కరాటే మాత్రం 2021లో జరిగిన టోక్యో ఆటల్లో ఒక్కసారే ఉన్నది, 2024 పారిస్‌లో లేదు. అంటే కరాటే తక్కువదని కాదు. ఆటతోటి కాలేజీ సీటో, కొలువో రావాలని ఆశపడే పిల్లలు తెలుసుకొని దిగాలె అంటున్నం. ఆ క్లాసు ఇచ్చే సర్టిఫికెట్ ఏ సంఘానిది, స్పోర్ట్స్ కోటాలో దాన్ని లెక్కలోకి తీసుకుంటరా అని చేరకముందే అడగాలె. గోడ నిండ కప్పులు ఉంటె చాలదు.

కసరత్తు కోసమైతే ఒంటి తీరును బట్టి చూసుకోవాలె. తైక్వాండోలో కాళ్ల పని ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న నలభై ఏండ్ల మనిషి మొదటి రోజే తలెత్తు కిక్కు కొట్టబోతే మంచాన పడతడు. బాక్సింగ్ దమ్ము పెంచుతది. కాని తలకు దెబ్బలు తినుడు మంచిది కాదు, కసరత్తు కోసమైతే సంచిని గుద్దుతె సాలు. జూడోలో మొదట నేర్పేది పడేసుడు కాదు, దెబ్బ తగలకుండ పడుడు. మెట్ల మీద జారినా అది అక్కరకొస్తది. ఇక కుస్తీ మన ఇంటి విద్య. హైదరాబాద్ పాతబస్తీ తాలీంలలో, బార్కస్‌లో వస్తాదులు దండ్లు, బస్కీలు తీయించి పహిల్వాన్లను తయారు చేసిండ్రు. జపాన్ పేరు లేదని తాలీంను చిన్నచూపు చూడొద్దు.

ఆపద ఎక్కడి నుంచి వస్తది?

ఆత్మరక్షణ మాటకొస్తె, జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు ఏండ్ల తరబడి ఒకటే చెప్తున్నయి. అత్యాచారం కేసుల్లో నూటికి తొంబైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. చీకటి సందులో ముసుగు దొంగ కాదు. సుట్టం, పక్కింటాయన, ఆఫీసు సారు. మరి చాలా క్లాసుల్లో నేర్పేది ముసుగు దొంగను తన్నుడే.

కెనడాలో 3 యూనివర్సిటీల్లో దాదాపు 900 మంది మొదటి సంవత్సరం అమ్మాయిల మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. ఒక గుంపుకు 12 గంటల శిక్షణ ఇచ్చిండ్రు. ఆపదను ముందే పసిగట్టుడు, తెలిసినోడే గదా అన్న మొహమాటం ఇడిచిపెట్టుడు, గట్టిగ వద్దనుడు, అవసరమైతే కొట్టి బయటపడుడు నేర్పిండ్రు. ఇంకో గుంపుకు కరపత్రాలు మాత్రమే ఇచ్చిండ్రు. ఏడాదిలో అత్యాచారానికి గురైనవాళ్లు కరపత్రాల గుంపులో నూటికి 9.8 మంది, శిక్షణ గుంపులో 5.2 మంది. నల్లబెల్టు లేదు, పన్నెండు గంటలే. నేర్పాల్సింది నేర్పిండ్రు, అదే తేడా. ఎదిరించలేని ఆడబిడ్డది తప్పని దీని అర్థం కాదు. తప్పు ఎప్పటికీ చేసినోనిదే.

చట్టం గూడ తెల్వాలె. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. కాపాడుకునేందుకు ఎంత కావాలెనో అంతే కొట్టాలె. కింద పడ్డోన్ని ఇంకా తంతే అది రక్షణ అనిపించుకోదు. ఇది చెప్పని మాస్టరు సగమే నేర్పినట్టు. ఉరికి తప్పించుకునుడు పిరికితనం కాదని చెప్పేటోడే అసలు గురువు.

క్లాసును ఎట్ల చూడాలె?

పైసలు కట్టకముందు పోయి ఒక గంట కూసోండ్రి. చూడనియ్యను అంటె లేచి రాండ్రి.

ఒకటి, ఎదుటి మనిషి నిజంగ ఎదురుతిరిగే సాధన ఉన్నదా చూడుండ్రి. వరుసలో నిలబడి గాలిని గుద్దుడు మొదట్ల అవసరమే. ఏడాదంత అదే అయితే మీద పడ్డోని ముందు చేతులు ఆడయి.

రెండు, కింద మ్యాట్లు, చేతులకు గ్లోవ్స్, పండ్లకు గార్డు ఉన్నయా? కొత్తోన్ని పాతోని కిందేసి తన్నిస్తున్నరా, మెల్లగ ఎక్కిస్తున్నరా? ‘ఆగు’ అంటే ఆగుతున్నరా?

మూడు, బెల్టు లెక్క. ఏడాదిలో నల్లబెల్టు ఇస్తమన్నోడు విద్య నేర్పుతలేడు, బట్టపేలిక అమ్ముతున్నడు. నెల ఫీజు కాదు, డ్రెస్సు, టెస్టు, సర్టిఫికెట్ కలిపి ఏడాదికి ఎంత అయితదో అడుగుండ్రి.

నాలుగు, ఆడపిల్లలు ఎంతమంది చేరుతున్నరు, ఎంతమంది నిలుస్తున్నరు? ముట్టుకోని నేర్పేటప్పుడు మాస్టరు అడిగి ముట్టుకుంటడా? 2023 జనవరిలో దేశానికి పతకాలు తెచ్చిన మల్లయోధులే లైంగిక వేధింపుల మీద న్యాయం కావాలని ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూసున్నరు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద ఆటల శిక్షణ స్థలం గూడ పని స్థలమే. ఫిర్యాదు చేసే హక్కు ఉన్నది.

ఐదు, దూరం. పేరున్న మాస్టరు ఊరవతల ఉండి నెలకు రెండుసార్లు పోయేకంటె, నిజాయితీగ నేర్పేటోడు దగ్గరుండి వారానికి మూడుసార్లు పోవుడు మేలు. నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టింది నిజామాబాద్‌లోనే. తండ్రి వెంట నిలబడ్డడు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది.

ఫీజు కట్టలేనోళ్లు ఆగిపోవాల్సిన పని లేదు. సర్కారు బడుల్లో 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు సమగ్ర శిక్ష కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ ఉన్నది. మీ బడిలో నడుస్తున్నదా అని హెడ్మాస్టరును అడుగుండ్రి. కాలేజీ పిల్లలు, ఉద్యోగులు పదిమంది ఒక్కటైతే ఒక గ్రౌండు, ఒక మాస్టరు దొరుకుతరు. ఖర్చు పంచుకోవచ్చు, రాత్రి ఇంటికి జంటలు జంటలుగ పోవచ్చు.

మిత్రులారా, భయం ఒంటరిగ ఉన్నప్పుడే పెరుగుతది. వచ్చే ఆదివారం మీ దగ్గర్ల రెండు క్లాసులకు పోయి కూసోండ్రి, చూడుండ్రి, అడుగుండ్రి. నచ్చినదాంట్లో చేరి ఏడాది ఇడవకుండ పట్టుకోండ్రి. సెలవు.