పేర్లు అడిగితే ఇవ్వకండి

 

సంస్థల్లో పనిచేసేవాళ్ల గోడు విని, పని తీరు మార్చడం నా వృత్తి. దీన్ని ఆర్గనైజేషన్ డెవలప్మెంట్, పొట్టిగా ఓడీ అంటారు. మన దేశంలో దీని తొలి అడుగుల్లో ఒకటి మన యానాం పక్కనే, కాకినాడలో పడింది. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌తో కలిసి కాకినాడ వ్యాపారులకు శిక్షణ మొదలుపెట్టాడు. సాధించాలన్న తపన పెద్దయ్యాక కూడా నేర్పవచ్చా అన్నది ఆయన ప్రశ్న. శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకంటే చురుగ్గా వ్యాపారం పెంచారని తేలింది. 1969లో అది పుస్తకంగా వచ్చింది. మనిషి మారగలడన్న ఆ నమ్మకంతోనే మా తరం ఈ పనిలోకి దిగింది.

కొత్తలో యజమానులు పిలిచి, "మావాళ్లు ఏమనుకుంటున్నారో కనుక్కోండి" అనేవారు. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత, "ఎంతమందిని తగ్గించవచ్చో చూడండి" అనడం మొదలైంది. పేరు రాయక్కర్లేదని చెప్పి రాయించుకున్న జవాబులు ఎవరెవరివో చెప్పమని ఒకచోట పైవాళ్లు నన్ను అడిగారు. చెప్పలేదు. ఆ కాంట్రాక్టు అంతటితో పోయింది. లాభం చూడొద్దని నేను అనను. కంపెనీ మూతపడితే ముందు రోడ్డున పడేది కార్మికుడే. కానీ లెక్కలు నేర్చుకునే తొందరలో మా వృత్తివాళ్లు వినడం వదిలేశారు. నా దిగులంతా అదే. 1994లో అమెరికాలో చర్చ్, బర్క్, వాన్ ఐండ్ అనే పరిశోధకులు ఈ వృత్తివాళ్లనే అడిగి చూస్తే అక్కడా ఇదే మాట: సంస్థ ఫలితాలే ముందుకొచ్చాయి, మనుషుల విలువలకు మళ్లీ చోటివ్వాలి అని.

యానాంలో నిలబడి 2012 జనవరి 27ను తలవకుండా ఈ మాటలు చెప్పలేను. ఇక్కడి రీజెన్సీ సిరామిక్స్ ఫ్యాక్టరీలో ఆ రోజు జరిగిన జీతాల గొడవలో ఒక కార్మిక నాయకుడు, ఒక కంపెనీ ఉన్నతాధికారి ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడింది. తప్పెవరిదో తేల్చడానికి నేను రాలేదు. జీతాల గొడవ ముదరకముందే రెండు పక్షాలూ నమ్మి మాట్లాడగల మనిషి ప్రతి ఫ్యాక్టరీలో ఉండాలి. మా ఉద్యోగం అసలు అదే.

హెచ్‌ఆర్‌లోకి వెళ్తామని ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు పొద్దున నాతో అన్నారు. ఆ మాట చెబుతూ కూడా ఫోను చూసుకున్నారు. ఏమర్రా, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి ముఖం చూడకపోతే రేపు వెయ్యిమంది గోడు ఏం వింటారు? చేరిన వారంలోనే రాత్రి షిఫ్టు దిగేవాళ్లతో గేటు దగ్గర టీ తాగండి. సర్వే కాగితం తర్వాత తీయండి. జవాబులు ఎవరు చూస్తారో ముందే చెప్పండి. చెప్పాక, ఎంత పెద్దవాళ్లు వచ్చి పేర్లు అడిగినా ఇవ్వకండి.