సంతకం పెట్టే ముందు
(కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



చట్టం, ప్రభుత్వం, ఆర్థిక వ్యవహారాలు అనగానే ఇవన్నీ చదువుకున్నవాళ్ళ సంగతులని మన ఊళ్ళలో స్త్రీలు పక్కకు తప్పుకుంటారు. కానీ ఈ మూడూ కాగితం రూపంలో వాళ్ళ గడపలోకే వస్తాయి. "ఇక్కడో సంతకం పెట్టమ్మా" అంటాయి. అందుకే ఈ రోజు సంతకం గురించే మాట్లాడతాను.

మొదటిది పుట్టింటి కాగితం. "పెళ్ళి చేశాం, పసుపు కుంకుమ ఇచ్చాం, ఇంకా వాటా ఏమిటి?" అంటారు అన్నదమ్ములు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అయితే 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయినవాళ్ళను వదిలేసింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ తేడా తీసేసింది. తండ్రి అప్పటికి బతికి లేకపోయినా కూతురికి ఈ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పంచుకున్న ఆస్తిని మాత్రం తిరగదోడలేం. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి రిజిస్టరు చేయిస్తే పోతుంది. అన్న మీద ప్రేమతో వదులుకుంటే అది ఆమె ఇష్టం. ఎంత వదులుకుంటున్నదో తెలియకుండా వదులుకుంటే దాన్ని ఇష్టమని ఎలా అంటాం?

రెండవది అప్పు కాగితం. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నదిగా వినిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి 24 శాతం. పదివేలు తీసుకుని నెలకు వెయ్యి చొప్పున పది నెలల్లో తీర్చారనుకోండి. మిగిలిన అసలుకే వడ్డీ కడితే మొత్తం 1,100 రూపాయలు. చివరిదాకా పదివేలకూ కడితే 2,000. ఆ 900 రూపాయలు మన కూలి డబ్బులే. వేరొకరి అప్పుకు హామీ సంతకం పెడితే, పత్రంలో మరోలా రాసుకోనంతవరకు, మొత్తం బాకీకి మనమూ బాధ్యులమే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెప్పేది ఇదే.

మూడవది ప్రభుత్వ కాగితం. పింఛను ఎందుకు ఆగింది, పనిదినాలు ఎన్ని రాశారు అని అడగడానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఎందుకు అడుగుతున్నావని అధికారి ప్రశ్నించకూడదు. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. రాయడం రానివాళ్ళు నోటితో చెబితే, దాన్ని రాతలో పెట్టడానికి సాయపడటం సమాచార అధికారి బాధ్యత. ఈ ఒక్క మాట మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు?

మీరు ఊళ్ళకు వెళ్ళాక సెక్షన్ల నంబర్లు కంఠతా పట్టించనక్కరలేదు. మూడు ప్రశ్నలు నేర్పితే చాలు. ఇందులో ఏం రాశారు? దీనివల్ల నాకేం పోతుంది? దీని నకలు నాకిస్తారా? జవాబు దొరికేదాకా కలం పట్టుకోవద్దని, వేలికి సిరా అంటనివ్వద్దని చెప్పండి. చదివి వినిపించమని అడిగితే కోపం తెచ్చుకునే మనిషి తెచ్చిన కాగితాన్ని మరో రెండుసార్లు చదివించుకోమనండి.