వైరసు తీసినందుకు ఎంత ఇవ్వాలి?

(మన సంఘం కిషన్‌బాగ్ సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభలో కరువు భత్యం బకాయిల గురించో, ఆరోగ్య కార్డుల గురించో మాట్లాడటం ఆనవాయితీ. కార్యదర్శిగారు నాకు కంప్యూటరు మరమ్మతు రేట్లు అప్పగించారు. ఆలోచిస్తే ఇదీ పింఛను విషయమే. కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ ప్రవేశపెట్టిన నాటి నుంచి మనం బతికి ఉన్నామన్న సంగతి కూడా కంప్యూటరు ద్వారా చెప్పుకునే వీలు కలిగింది. పింఛను ఉత్తర్వులు, ఇంటి దస్తావేజుల నకళ్ళు, పిల్లల పెళ్ళి ఫోటోలు అన్నీ అందులోనే. అది మొరాయించిన రోజున చేతికందిన దుకాణానికి మోసుకుపోతాం. అక్కడి కుర్రవాడు తెర చూసి "వైరస్ హై అంకుల్" అంటాడు. ఒక దుకాణంలో 300 రూపాయలంటారు, బహదూర్‌పురా చౌరస్తా దాటితే 800 అంటారు, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు దాకా వెళితే మరో మాట. ఏది న్యాయం?

మనలో చాలామంది పబ్లిక్ వర్క్స్‌లో పనిచేసినవాళ్ళం. కల్వర్టు కట్టాలన్నా, గోడకు సున్నం వేయాలన్నా స్టాండర్డ్ షెడ్యూల్ ఆఫ్ రేట్స్ తీసి, సామగ్రి ఎంత, కూలి ఎంత, లీడు ఎంత, కాంట్రాక్టరు లాభం ఎంత అని రేటు విశ్లేషణ చేసేవాళ్ళం. కంప్యూటరు పనికి అలాంటి పుస్తకం లేదు. అయినా ఆ పద్ధతి ఇక్కడా పనికొస్తుంది.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. దుకాణం అద్దె, కరెంటు, ఇంటర్నెట్టు కలిపి నెలకు 15,000. ఆ కుర్రవాడి ఇల్లు గడవడానికి 30,000. మొత్తం 45,000. నెలకు 25 రోజులు, రోజుకు 6 గంటలు చేతినిండా పని దొరికితే 150 గంటలు. అంటే గంటకు 300 రూపాయలు. ఇక వైరసు తీయడానికి ఎంతసేపు పడుతుంది? యంత్రం నాలుగైదు గంటలు తిరుగుతూనే ఉంటుంది, నిజమే. కానీ ఆ సమయమంతా అతను దాని ముందు కూర్చోడు. స్కానింగు పెట్టి ఇంకో రెండు యంత్రాలు విప్పుకుంటాడు. చెయ్యి పెట్టిన సమయం గంటన్నర అనుకుంటే 450. మళ్ళీ చెడితే ఉచితంగా చూడాలి కనుక దానికో పదిశాతం. సుమారు 500. ఇంటికి వచ్చి చేస్తే రాకపోకల సమయం కలపాలి, అది మన పాత లీడు. అంకెలు మీ వీధిని బట్టి మార్చుకోండి. చెల్లించవలసింది చెయ్యి పెట్టిన సమయానికి, యంత్రం తిరిగిన సమయానికి కాదు. "నలభై వైరసులు దొరికాయి" అని వైరసుకింత చొప్పున లెక్కగట్టడం అసలే కుదరదు. నలభై దొరికినా నాలుగు దొరికినా అతని శ్రమ దాదాపు ఒకటే.

అన్నిటికన్నా అన్యాయమైన రేటు భయం మీద కట్టేది. "ఫోటోలన్నీ పోతాయి" అనగానే మనం బేరం మానేస్తాం. 2017 మే 12న వానాక్రై అనే వైరసు ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. దస్త్రాలకు తాళం వేసి 300 డాలర్లు అడిగింది. దానికి విరుగుడు మైక్రోసాఫ్టు సంస్థ అదే ఏడాది మార్చిలోనే ఉచితంగా విడుదల చేసింది. వేయించుకున్నవారికి ఏమీ కాలేదు. ఇలా తాళం పడ్డ దస్త్రాలను తెరిచి తీరతానని ముందే డబ్బు అడిగేవాణ్ణి నమ్మకండి. ఐరోపా పోలీసులు తదితరులు 2016లో మొదలుపెట్టిన 'నో మోర్ రాన్సమ్' అనే చోట కొన్ని తాళాలకు తాళంచెవులు ఉచితంగా దొరుకుతాయి. అక్కడ లేనివి వీధి చివరి దుకాణంలో దొరకడం అరుదు.

ఇంకో సంగతి. నిదానించిన ప్రతి యంత్రానికీ వైరసు పట్టినట్టు కాదు. పాత హార్డు డిస్కు మీద కొత్త విండోస్ నడిస్తే అది ఎద్దుబండికి రైలుపెట్టె కట్టినట్టే. దానికి మందు ఎస్.ఎస్.డి. వేయించడం. దాన్ని బిల్లులో సామగ్రి కింద విడిగా, కంపెనీ పేరుతో, గ్యారంటీ కార్డుతో చూపించాలి. ఫార్మాట్ చేసి విండోస్ మళ్ళీ ఎక్కిస్తే సాధారణంగా కొత్తగా కొననక్కరలేదు, యంత్రంతో వచ్చిన లైసెన్సు ఆ యంత్రానికే ఉంటుంది. దొంగ విండోస్ చవకగా ఎక్కిస్తామంటే వద్దనండి. వైరసు చాలాసార్లు వచ్చేది ఆ దారినే. విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే కాపలాదారు ఉచితంగానే ఉన్నాడు. డబ్బుపెట్టి కొనే యాంటీవైరస్ మీ ఇష్టం, కానీ దాని ధరను మరమ్మతు బిల్లులో కలిపేయకూడదు.

కాబట్టి యంత్రం అప్పగించే ముందే ఒక కాగితం మీద రాయించండి: చూసినందుకు ఎంత, బాగుచేస్తే ఎంత, చూసిన రుసుము అందులో కలుస్తుందా, దస్త్రాల నకలు ముందు తీస్తారా, ఎన్నాళ్ళ హామీ. మన మెజర్‌మెంట్ బుక్కులో సంతకం లేని కొలతకు బిల్లు పాసయ్యేదా? జి.ఎస్.టి. అదనం అంటే బిల్లు మీద నంబరు చూడండి. నంబరు లేని దుకాణం ఆ పన్ను వసూలు చేయకూడదు. తేడా వస్తే 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మరమ్మతుకూ వర్తిస్తుంది, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫిర్యాదుకు రుసుము లేదు.

ఇప్పుడు మనవైపు మాట. కోపగించుకోకండి. "స్క్రూ అయినా విప్పలేదు, 500 ఎందుకయ్యా?" అని మనవాళ్ళే అనడం విన్నాను. డాక్టరుగారు నాడి చూసినందుకు ఇచ్చేటప్పుడు అలా అడుగుతున్నామా? అతను చూసినందుకు కూడా రుసుము ఇవ్వాలి, అది న్యాయం. ఇవ్వకపోతే లేని వైరసును ఉందని చెప్పక అతనికి గత్యంతరం ఉండదు. 200కి బేరమాడి మురిసిపోతే అతను నకలు తీయకుండా ఫార్మాట్ కొట్టేస్తాడు, పెళ్ళి ఫోటోలు ఆ 300 మిగులుకే పోతాయి. పుణెలో కైలాస్ కాట్కర్ కాలిక్యులేటర్లు బాగుచేస్తూ కంప్యూటర్ల మరమ్మతుకు వచ్చారు. బల్ల మీదికి వచ్చే యంత్రాలన్నిటికీ వైరసులు ఉండటం చూసి, తమ్ముడు సంజయ్ వాటిని తీసే ప్రోగ్రాము రాశారు. 1990లలో అదే క్విక్ హీల్ అయింది. మన గల్లీలో టంకం పెట్టుకుని కూర్చున్న కుర్రవాడికీ అంత తెలివి ఉండవచ్చు, అద్దె కట్టగలిగితే కదా.

చివరగా, తెర మీద ఎర్రగా "మీ కంప్యూటరుకు వైరసు, ఈ నంబరుకు ఫోను చేయండి" అని వస్తే చేయకండి. అది వైరసు కాదు, వల. వాళ్ళు చెప్పిన యాప్ ఎక్కిస్తే మీ యంత్రం వాళ్ళ చేతిలోకి పోతుంది, వెనకే బ్యాంకు ఖాతా. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఒక్క గంట కూడా ఆగకుండా 1930కి ఫోను చేయండి.

నేను చెప్పిన కాగితం నమూనా తెలుగులోనూ, ఉర్దూలోనూ రాసి తెచ్చాను. తలుపు దగ్గర బల్ల మీద ఉంది, తలా ఒకటి తీసుకోండి. మీ బిల్లులు ఎవరైనా తెచ్చి ఉంటే టీ వచ్చేలోగా కలిసి చూద్దాం.