నడియేట ఆగిన మోటారు

2022 జూలై వరదలలో గోదావరి నీరు మంథని వీధులలోనికి వచ్చినది. అట్టి వేళ ప్రాణములను గట్టు చేర్చునది మోటారు పడవ. నడియేట పెట్రోలు అయిపోయినచో ఏమగును?

పెట్రోలులోనే నూనె కలిపి పోయు టూ స్ట్రోక్ మోటారులో, పెట్రోలు అడుగంటగానే నూనె కూడ ఆగును. నూనెకు వేరు ట్యాంకు, ఇంజనుతో తిరుగు పంపు ఉన్న మోటారులో అట్లు కాదు. ఇంజను తిరిగినంతసేపు నూనె అందుచునే యుండును. కనుక ఒకమారు ఆగినంతమాత్రమున ఇంజను చెడునని బెంగ వలదు.

అసలు అపాయము ప్రవాహముతోనే. ఆగిన పడవ ఏటి పాలగును. వెంటనే ముందు కొన నుండి లంగరు వేయవలెను. పిమ్మట పెట్రోలు పోసి, గొట్టము నడుమనున్న రబ్బరు బుడ్డిని గట్టిపడువరకు నొక్కి, మోటారును తిరిగి నడపవలెను.

బయలుదేరుటకు ముందే లెక్క చూచుకొనుట మేలు: పెట్రోలులో మూడవవంతు పోవుటకు, మూడవవంతు వచ్చుటకు, మిగిలినది ఆపదకు. తెడ్లు మాత్రము ఎన్నడును మరువరాదు.