వైద్యశాలలో కంప్యూటరు: మన కర్తవ్యము



విద్యార్థివేతనములనుగూర్చి పెద్దలు సెలవిచ్చియున్నారు. నాకు నియమింపబడిన విషయము వైద్యమున కంప్యూటరు ప్రవేశము. అనుమసముద్రంపేటవంటి చోట్ల దానికెదురగు చిక్కులను మాత్రము మనవి చేసెదను.

చిత్తూరు జిల్లా అరగొండలోని అపోలో వైద్యశాలనుండి దూరముననున్న నిపుణులకు రోగుల వివరములు పంపు పద్ధతి 2000 సంవత్సరముననే ఆరంభమైనది. 2021 సెప్టెంబరు 27వ తేదీన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటికిని విస్తరింపబడెను. కోరినవారికి 14 అంకెల ఆరోగ్యసంఖ్య లభించును. ఆత్మకూరున చూపించుకొనిన రోగి నెల్లూరికి పోయినచో, చీటీల మూట లేకయే పూర్వపు పరీక్షలు వైద్యునికి కానవచ్చుట దీని యుద్దేశము. మన యూరి నాయబ్ రసూల్ వారి దర్గాకు అన్యప్రాంతములనుండి వ్యాధిగ్రస్తులు, ముఖ్యముగా మతిచలించినవారు, వచ్చుచుందురు. వారు పూర్వమే మందులు వాడుచుండిరో ఇచ్చటి వైద్యునికి తెలిసినచో నెంత మేలు!

అయితే ఆ వివరముల నెవరు వ్రాయవలెను? యంత్రము తనంతట వ్రాయదు. రక్తపోటు చూచిన నర్సమ్మయే పుస్తకమున నొకసారి, ఫోనున నొకసారి వ్రాయవలసివచ్చుచున్నది. సిగ్నలు లేని మెట్టపల్లెలలో నాపని రాత్రికి మిగులును. రోగితో మాటాడవలసిన కాలము ఈ రెండు వ్రాతలకే చెల్లిపోవుచున్నది.

మఱియొక చిక్కు కలదు. సామాన్యముగా ఆరోగ్యసంఖ్య కొఱకు ఆధారుతో ముడివడిన ఫోనునకు రహస్యపుటంకెలు వచ్చును. మన ముసలమ్మల ఫోను సంఖ్య యనగా పలుమారు బెంగుళూరుననో చెన్నపట్టణముననో యున్న కుమారుని సంఖ్యయే. అతడు పనిలో నుండును. అవ్వ బల్లపై కూర్చుండియుండును. క్షయయో, మనోవ్యాధియో కుమారునికి తెలియుట ఆమె కిష్టము కాకపోవచ్చును గదా! రోగి యనుమతి యనుమాట చట్టమున నున్నది; బల్లయొద్ద దాని నడుగు తీరిక యెవరికున్నది?

కాగితమును పారవేయుటకు త్వరపడరాదు. 2022 నవంబరు 23వ తేదీన దుండగులు ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లను స్తంభింపజేయగా, అంతటి వైద్యశాలయు పలుదినములు కలము కాగితములతోనే పని నడుపుకొనెను.

దాతలు యంత్రములు కొనియిచ్చుటకు వెనుదీయరు. యంత్రముపై పేరు చెక్కింపవచ్చును. జీతముపై చెక్కింపరాదు. అందుచేత జీతమిచ్చువారు తక్కువ. నా ప్రార్థన యేమనగా, ఈ యేటి నిధిలో కొంత తీసి, చదువుకొన్న యొక స్థానికురాలికి సంవత్సరము జీతమిచ్చి, అధికారుల యనుమతితో వైద్యశాలలో కూర్చుండబెట్టవలెను. ఏ కులమువారు వచ్చినను ఆమె వ్రాసిపెట్టవలెను, చదివి వినిపింపవలెను. విన్నదానిని వీధిలో చెప్పరాదు. ఆరోగ్యసంఖ్య లేనివారిని సయితము వైద్యునియొద్దకు చేర్పవలెను. ఈ మేరకు తీర్మానము ప్రతిపాదించుచున్నాను. కార్యవర్గమువారు మధ్యాహ్నపు సభలో చర్చింప కోరెదను.