గుండె నీరసించినా కాళ్ళు నిలబడాలి
(తెనాలిలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను డాక్టరును కాదు కదండీ, డ్రిల్లు మాస్టారిని" అన్నాను. "అందుకే మిమ్మల్ని అడుగుతున్నాం" అన్నారాయన. 33 సంవత్సరాలు హైస్కూలు పిల్లలచేత గుంజీలు తీయించినవాడిని. ఆ సర్వీసులో నేర్చుకోనిది రిటైరైన తర్వాత మా బావగారి మంచం పక్కన నేర్చుకున్నాను. అదే మీకు మనవి చేస్తాను.

చెప్పదలచుకున్నది ఒక్కటే. గుండె బలహీనపడి, దానితోపాటు ఒళ్ళు కూడా చిక్కిపోయిన మన పెద్దవాళ్ళను మనం ప్రేమకొద్దీ మంచం దిగనివ్వం. పథ్యమని చెప్పి చప్పిడి జావతో సరిపెడతాం. అలా చేసి, ఉన్న ఆ కాస్త బలం కూడా మన చేతులతోనే తీసేస్తున్నాం.

ముందు ఈ జబ్బు గురించి. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం అనుకుని చాలామంది హడలిపోతారు. అది కాదు. శరీరానికి కావలసినంత రక్తాన్ని గుండె సరిగా అందించలేకపోవడం. మనం డెల్టా వాళ్ళం కనుక కాలువ లెక్కలో చెప్పుకుందాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీరు తక్కువగా వదిలితే ముందు ఇబ్బంది పడేది రేపల్లె వైపు చివరి భూములే. మురుగు లాగకపోతే పొలంలో నీరు నిలిచిపోతుంది. పాదాల వాపు, పడుకుంటే ఆయాసం అలాంటివే. ఇక చివరి పొలంలో బోదె పూడిపోయి ఉంటే, వచ్చిన ఆ కాస్త నీరూ పైరుకు అందదు. వాడకుండా వదిలేసిన కండ అటువంటిదే. గుండె పంపిన రక్తంలోని ప్రాణవాయువును వాడుకునే శక్తి దానికి తగ్గిపోతుంది. బ్యారేజీ సంగతి డాక్టరుగారు, మందులు చూసుకుంటారు. బోదె పూడిక తీయడం ఇంటివాళ్ళ చేతిలో ఉన్న పని.

మా బావగారు రేపల్లెలో ఉండేవారు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అంతకుముందెప్పుడో వచ్చిన గుండెపోటు తర్వాత గుండె నీరసించింది. 76వ ఏట ఒకే చలికాలంలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు. రెండోసారి 11 రోజులుండి ఇంటికి వచ్చాక మా అక్కయ్య ఆయన్ని కాలు కింద పెట్టనివ్వలేదు. మంచినీళ్ళు మంచం దగ్గరికే, భోజనం మంచం దగ్గరికే. ఉప్పు లేని జావ, పలచని మజ్జిగ అన్నం. "గుండె జబ్బు మనిషిని కదిలిస్తే ఇంకేమన్నా ఉందట్రా తమ్ముడూ?" అనేది.

రెండు నెలలకు చూడబోతే తూకంలో పెద్ద తేడా లేదు. అక్కయ్య సంతోషించింది. నేను మాత్రం ఆయన తొడలు చూశాను. పిల్లల కండలు చూసి కబడ్డీ జట్టు ఎంచినవాడిని కదా. తొడల్లో కండ లేదు. పాదాల్లో నీరుంది. పోయిన కండ బరువును వచ్చిన నీటి బరువు కప్పిపెట్టింది. కుర్చీలో కూర్చోబెడితే లేవలేకపోతున్నారు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఎవరినీ అడగకుండా మర్నాడే ఆయన్ని వరండాలో నిలబెట్టి "ఒకటి, రెండు" మొదలుపెట్టాను. మూడో నిమిషానికి కళ్ళు తిరిగి నా మీదికి ఒరిగారు. పట్టుకోబట్టి సరిపోయింది. "ఏమోయ్ డ్రిల్లు మాస్టారూ, నేను నీ ఎనిమిదో క్లాసు పిల్లాడినను కున్నావా?" అన్నారు. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత ఆయన్ని చూసే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి మొదటినుంచీ అంతా చెప్పాం. నిలబడ్డప్పుడు బి.పి. పడిపోతున్నదేమో చూశారు, మందుల వేళలు సరిచేశారు, వాపు తగ్గేదాకా ఆగమన్నారు. ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు చూపించినది ఇది.

మొదటి వారం ఒక్కటే పని. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి, ఎత్తు కోసం దిండు వేసి, అందులోంచి లేచి నిలబడి మళ్ళీ నెమ్మదిగా కూర్చోవడం. పూటకు రెండుసార్లు. ఊపిరి బిగబట్టకూడదు. తర్వాత మూడు, ఆపైన ఐదు. ఐదు సులువయ్యాక దిండు తీసేశాం. రెండోది, కిటికీ ఊచలు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం. మూడోది, గోడ దగ్గర ఒక పాదం ముందు ఒక పాదం పెట్టి నిలకడగా నిలబడటం. ఇది పడిపోకుండా కాపాడే వ్యాయామం. నాలుగోది నడక. వరండాలో రెండు నిమిషాలు, కూర్చోవడం, మళ్ళీ రెండు నిమిషాలు. నడుస్తూ పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే.

తిన్న వెంటనే చేయకూడదు. మన ఎండాకాలంలో పొద్దున్నే చేసుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, గుండె దడ, ఎప్పుడూ లేనంత ఆయాసం - వీటిలో ఏది వచ్చినా ఆపి డాక్టరుకు చెప్పాలి. పడక మీదినుంచి ఒక్కసారిగా లేవకుండా, అంచున కూర్చుని కాసేపాగి లేవాలి.

ఇది మా ఇంటి వైద్యం కాదు. 1952లోనే అమెరికాలో శామ్యూల్ లెవిన్, బెర్నార్డ్ లౌన్ అనే డాక్టర్లు, గుండెపోటు రోగులను వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతిని కాదని కుర్చీలో కూర్చోబెట్టి చూపించారు. 2021లో అమెరికాలోనే రిహాబ్-హెచ్.ఎఫ్. అనే పరిశోధన వెలువడింది. హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరిన, 60 ఏళ్ళు నిండిన 349 మందిని తీసుకుని, కొందరికి మామూలు వైద్యంతోపాటు బలం, నిలకడ, కదలిక, ఓర్పు పెరిగేలా ఎవరికి తగ్గట్టు వారికి శిక్షణ ఇచ్చారు. నిలబడటం, నడవడం, కుర్చీలోంచి లేవడం కొలిచే పరీక్షకు 12 మార్కులు. మూడు నెలలకు శిక్షణ పొందినవారి సగటు 8.3, మిగిలినవారిది 6.9. మళ్ళీ ఆసుపత్రిలో చేరడం మాత్రం ఆరు నెలల్లో తగ్గినట్టు తేలలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కనుక ఇదీ చెబుతున్నాను.

ఇక భోజనం. కండ పెరగాలంటే కదలిక ఒక్కటే చాలదు, లోపలికి సరుకు వెళ్ళాలి. ఈ సంగతి నాకు బాపట్లలో బాగా తెలిసివచ్చింది. మా వదినగారు ఫామిలీ పెన్షనరు. అన్నయ్య పోయాక ఒక్కతే ఉంటున్నది. ఆవిడకూ గుండె నీరసమే. ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళి చూద్దును కదా, కంచంలో పొద్దుటి అన్నం, ఆవకాయ, మజ్జిగ. "ఒక్కదాని కోసం రెండు కూరలు వండుకోవాలా మరిదీ?" అన్నది. పప్పు ఎప్పుడు తిన్నావంటే గుర్తుతెచ్చుకోవలసి వచ్చింది. ఈ సభలో కూర్చున్న సోదరీమణులలో ఎంతమందిది ఇదే కథో నేను అడగను. మీకే తెలుసు.

మా అక్కయ్య ఉప్పు పూర్తిగా తీసేసి బావగారి నోరు కట్టేసింది. మా వదిన ఊరగాయ తప్ప ఇంకేమీ తినలేదు. రెండూ చేటే. ఉప్పు రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పేదే. ఊరగాయ, అప్పడం, వడియం, చల్లమిరపకాయ, ఎండుచేప వదిలేస్తే చాలావరకు ఆ లెక్కలోకి వస్తాం. ఉప్పును ఇంకా గట్టిగా తగ్గిస్తే మేలేమో అని 806 మంది మీద జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో మరణాలు, ఆసుపత్రి చేరికలు తగ్గినట్టు తేలలేదు. దీన్ని పట్టుకుని రేపటినుంచి ఆవకాయ జాడీ దించకండి. కూరలో కొద్దిగా ఉప్పు వేసి, నిమ్మరసం, మిరియాలు, కొత్తిమీర, వెల్లుల్లి చేర్చి మనిషి చేత నాలుగు ముద్దలు ఎక్కువ తినిపించమని నా మనవి. మీ డాక్టరు ఇంకా తగ్గించమంటే వారి మాటే ఖాయం.

ప్రొటీను, అంటే మాంసకృత్తులు, ఈ జబ్బులో కిలో బరువుకు రోజుకు కనీసం 1.1 గ్రాములు కావాలని నిపుణులు చెబుతున్నారు. 55 కిలోల మనిషికి 60 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో సుమారు 6, గ్లాసు పాలలో 6, గుప్పెడు పెసలలోనో కందిపప్పులోనో 7, వంద గ్రాముల చేపలో 18 గ్రాములు ఉంటాయి. మా వదిన గుడ్డు ముట్టదు. అందుకని పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం ఉప్పులేని ఉడికించిన శనగలు, రాత్రి పాలు అని రాసి వంటింటి గోడకు అంటించాను. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఈ లెక్కను డాక్టరుకు చూపించాకే పాటించాలి.

ఈ రోగులకు కొద్దిగా తినగానే కడుపు నిండినట్టుంటుంది, తినడానికే ఆయాసం వస్తుంది. మూడు పూటల భోజనాన్ని ఐదారు సార్లుగా పెట్టండి. స్విట్జర్లాండు ఆసుపత్రుల్లో పోషణ లోపించే ప్రమాదమున్న 645 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగులలో, ఎవరికి కావలసిన ఆహారం వారికి లెక్కకట్టి ఇచ్చినవారిలో మరణాలు తగ్గాయని 2021లో ప్రచురించారు. కంచం కూడా వైద్యంలో భాగమే.

కొన్ని జాగ్రత్తలు తప్పక చెప్పాలి.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళివచ్చాక, ఏమీ తినకముందు తూకం చూసి రాసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, నీరు. వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఆ రోజుల్లో వ్యాయామం ఆపాలి. నెలల తరబడి కోరకుండా తగ్గుతూ ఉంటే అదీ చెప్పాలి.

మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్ళలు ఒంట్లో నీరు నిలుపుతాయి. వ్యాయామం మొదలుపెట్టి నొప్పులొచ్చాయని వాటి జోలికి పోవద్దు.

తక్కువ సోడియం అని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. కొబ్బరినీళ్ళలోనూ ఎక్కువే. గుండె జబ్బుకు వాడే కొన్ని మందులతో కలిసి రక్తంలో పొటాషియం ప్రమాదస్థాయికి పెరగవచ్చు. అడగకుండా వాడకండి. నీళ్ళు ఎంత తాగాలో కూడా వారినే అడగండి. వేసవిలో ఆ లెక్క మారవచ్చు. నీరుడు బిళ్ళ మీ అంతట మీరు మానవద్దు, పెంచవద్దు.

బావగారి సంగతి ముగించాలి. నాలుగు నెలలకు ఆయన దిండు లేకుండా ఐదుసార్లు లేచి కూర్చోగలిగారు. మరుగుదొడ్డికి తనంతట తాను వెళ్ళారు. పిడి బిగించి, కమోడు పెట్టించాం లెండి. మా అక్కయ్య రాత్రిళ్ళు నిద్రపోయింది. ఒకనాడు రేపల్లెలో రైలెక్కి భట్టిప్రోలు, వేమూరు మీదుగా 34 కిలోమీటర్లు ప్రయాణం చేసి తెనాలిలో మా ఇంటికి వచ్చారు. స్టేషను మెట్ల దగ్గర చెయ్యి అందిస్తే వద్దన్నారు. మధ్యలో మరోసారి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చింది. వచ్చాక మళ్ళీ దిండుతో, రెండుతో మొదలుపెట్టాం. రెండు సంవత్సరాల తర్వాత, నిరుడు, కాలం చేశారు. వ్యాయామం ఆయన ఆయువు పెంచిందని నేను అనలేను. ఆ రెండేళ్ళూ ఎవరూ ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టవలసిన అవసరం రాలేదని మాత్రం చెప్పగలను. పోయేముందు రోజు కూడా తన కంచం దగ్గరికి తనే నడిచి వచ్చారు.

చివరిగా ఒక విజ్ఞప్తి. ప్రతి ఏటా లైఫ్ సర్టిఫికెట్టు కోసం మంచం పట్టిన సభ్యుల ఇళ్ళకు మన సంఘం వాళ్ళు వెళుతూనే ఉన్నారు. ఇకపై ఆ వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. కుర్చీలోంచి చేతి సాయం లేకుండా లేవగలుగుతున్నారా? నిన్న ఏం తిన్నారు? ఈ నెల తూకం ఎంత? జవాబులు ఒక కాగితం మీద రాసి, తర్వాతిసారి డాక్టరుకు చూపించమని ఇంటివాళ్ళ చేతిలో పెట్టి రండి. మనిషి బతికి ఉన్నాడని సంతకం తీసుకుంటున్నాం. ఎలా బతుకుతున్నాడో కూడా కనుక్కుందాం.

మా వదిన ఈ రోజు బాపట్ల నుంచి వచ్చి మూడో వరుసలో కూర్చున్నది. పొద్దున పెసరట్టు తిన్నదో లేదో సభ అయ్యాక అడుగుతాను. మీరు కూడా ఇంటికి వెళ్ళి మీ వాళ్ళను అడగండి.