సముద్రపు ఒడ్డున ఇల్లు - కాలి కింద నేల
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను సర్వీసు అనుభవాలు చెప్పమన్నారు. ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు కనుక ఆ సంగతి వదిలేస్తాను. మన సభ్యుల్లో కొందరు భీమిలి రోడ్డులో ఇళ్ళు కట్టుకుంటున్నారని విన్నాను. వారికి పనికొస్తుందని మా ఇంటి నేల కథ చెబుతాను. ఇందులో నా తప్పే ఎక్కువ.

నేను 2008లో రిటైరయ్యాను. మరుసటి సంవత్సరం, గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో సముద్రం కనబడే చోట చిన్న ఇల్లు కట్టాను. ముప్ఫై ఆరేళ్ళు ఆఫీసులో పగిలిన నాపరాళ్ళ మీద నడిచినవాణ్ణి, సొంతింట్లోనైనా తెల్లని పాలరాయి మీద నడవాలని ఆశపడ్డాను. మా ఆవిడ అప్పుడే అంది, "ఏమండీ, ఇది ఇసుక కొట్టుకొచ్చే ఇల్లు. నున్నటి రాయి మనకెందుకు?" అని. నేను వినలేదు. హాలంతా పాలరాయి, అబ్బాయి ముచ్చటపడ్డాడని అతని గదిలో చెక్కలా కనబడే లామినేట్ పలకలు వేయించాను.

రెండేళ్ళు బాగానే ఉంది. తర్వాత నడిచే దారంతా మెరుపు పోయింది. కారణం ఇసుక. మా తీరంలో ఇసుక మామూలుది కాదు. నల్లగా కనబడేది ఇల్మెనైటు, ఎర్రగా మెరిసేది గార్నెట్టు. ఈ గార్నెట్టుతోనే వడ్రంగులు వాడే గరుకు కాగితం కూడా తయారవుతుంది. కాఠిన్యపు కొలతలో ఇసుకలోని క్వార్ట్జ్ 7, పాలరాయి 3. అంటే చెప్పులకంటిన ఇసుకతో రోజూ మన నేలను మనమే అరగదీస్తున్నామన్నమాట.

అంతకంటే పెద్ద శత్రువు కింద ఉంది. నేను ఊళ్ళో లేనప్పుడు పనివాళ్ళు పునాదుల మధ్య సముద్రపు ఇసుకే నింపేశారు. అందులోని ఉప్పు చెమ్మతో పాటు పైకెక్కి, రాయి పైపొరల్లో గడ్డకట్టి, అంచులు పొడిపొడిగా రాల్చింది. అక్కడక్కడా పసుపు మచ్చలొచ్చాయి. మచ్చలు పోతాయని ఎవరో చెబితే యాసిడ్ పోసి కడిగించాను. పాలరాయి సున్నపు జాతి రాయి కదా, బుసబుసమని పొంగి ఉన్న నునుపు కూడా పోయింది. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తలుపు సందుల్లోంచి నీళ్ళు చొరబడ్డాయి. లామినేట్ పలకల లోపలుండేది చెక్కపొడి అట్టే. అది నానిన అప్పడంలా ఉబ్బింది. మర్నాడు ఎత్తి పెరట్లో పారేశాం.

అయినా నాకు బుద్ధి రాలేదు. పాలరాయికి మళ్ళీ పాలిష్ పెట్టించాను. ఉప్పుపట్టిన నేల గాలిలోని తేమను లాక్కుని తెల్లవారుజామున చెమర్చినట్టు ఉండేది. 2016 శ్రావణ మాసంలో ఒకరోజు మా ఆవిడ పూలు కోసుకుని లోపలికి వస్తూ ఆ తడి మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మూడు నెలల మంచం, తర్వాత వాకర్. ఆమె నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

2017లో నేలంతా తవ్వించాను. కమ్యుటేషన్ కోత నా పెన్షన్లోంచి 2023 వరకు పోతూనే ఉంది, ఆ డబ్బుతో కొన్న రాయి మాత్రం ఎనిమిదేళ్ళకే చెత్తలో పడింది!

ఈసారి పెద్ద మేస్త్రీని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగాను. "బాబూ, పైన ఏ రాయేసినా కింద ఉప్పుంటే నిలవదండి" అన్నాడతను. అడుగున్నర లోతు ఇసుక తీయించి, గ్రావెల్ పోసి, దిమ్మిస కొట్టించి, దాని మీద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, మంచినీళ్ళతో, ఏటి ఇసుకతో కాంక్రీటు వేయించాం. ఖర్చులో పెద్ద భాగం కంటికి కనబడని ఈ పనికే పోయింది. మీరు తగ్గించవలసి వస్తే పైన తగ్గించండి, ఇక్కడ వద్దు.

వరండాకు, మెట్లకు శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు గ్రానైటు, పాలిష్ లేకుండా గరుకుగా కాల్చినది వేశాం. లోపల విట్రిఫైడ్ టైల్స్, మెరుపు లేనివి. మంచి విట్రిఫైడ్ టైలు పీల్చే నీరు బరువులో అర శాతం మించదు. అదే పేరుతో మామూలు సిరామిక్ అంటగట్టేవాళ్ళున్నారు, పెట్టె మీద రాసింది చదవండి. కేటలాగులో ఆర్-10, ఆర్-11 అని ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ జారుడు తక్కువ. బాత్‌రూములో చిన్న బిళ్ళలు వేయించాం, సందులు ఎక్కువ ఉంటే కాలికి పట్టు ఎక్కువ. సందులు లేకుండా అతికిస్తే అందమంటారు కానీ ఎండకు వ్యాకోచించినప్పుడు టైలు పైకి లేస్తుంది. మూడు మిల్లీమీటర్లు వదిలి, సిమెంటుకు బదులు ఎపాక్సీతో నింపించాం. అన్నీ అయ్యాక కర్రతో తట్టి చూశాను. డొల్ల చప్పుడు వచ్చినవి తొమ్మిది. అవి ఊడదీసి మళ్ళీ వేసేదాకా ఆఖరి బిల్లు పాస్ చేయలేదు. గుమాస్తా అలవాటు ఎక్కడికి పోతుంది!

అంత ఖర్చు పెట్టలేనివారికి పాలిష్ చేయని తాండూరు, బేతంచెర్ల బండలు నయం. గరుకుగా ఉంటాయి, ఒకటి పాడైతే ఒకటే మార్చుకోవచ్చు. వాటి మీద కూడా యాసిడ్ మాత్రం పోయకండి. వాకిట్లో ఒక కుళాయి, కాళ్ళు కడుక్కునే చిన్న గట్టు, వీధి వైపు వాటం పెట్టించండి. మా ఇంట్లో ఇసుక సగం అక్కడే ఆగిపోతోంది.

ఇప్పుడు మా ఆవిడ చేతికర్ర లేకుండా వరండా దాకా వెళ్ళి వస్తుంది. ఈ రోజు సభకు కూడా వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. నేను ఎక్కువ మాట్లాడుతున్నానని సైగ చేస్తోంది.

వెనక బల్ల మీద నాలుగు రకాల రాళ్ళ ముక్కలు, గుప్పెడు భీమిలి ఇసుక, ఒక చెంబు నీళ్ళు పెట్టాను. టీ తాగేటప్పుడు ఇసుకతో రుద్ది చూడండి, తడిపి బొటనవేలితో నొక్కి చూడండి. కాలు పెట్టి చూడాలనుకునేవారు పక్కనున్నవారి చెయ్యి పట్టుకోండి.